బట్టలు ఐచ్ఛికమైన హాలోవర్ బీచ్‌కు జంటగా వెళ్ళేవారికి సమగ్ర మార్గదర్శి

మయామి ట్రిప్ అనగానే సౌత్ బీచ్, కీ వెస్ట్, క్రూయిజ్ గుర్తొస్తాయి. సౌత్ బీచ్ మీదుగా పోయే కాలిన్స్ అవెన్యూ రోడ్డు మీదే, ఉత్తరాన బాల్ హార్బర్ ఊరు దాటాక, సన్నీ ఐల్స్ ఊరు రాకముందు హాలోవర్ పార్క్ ఉంటుంది. మయామి-డేడ్ కౌంటీ నడిపే ఈ పార్కు బీచ్‌కి ఉత్తరపు కొసన, 12వ నంబరు లైఫ్‌గార్డ్ టవర్ నుంచి 16వ టవర్ వరకు, దాదాపు 0.4 మైళ్ళ మేర బట్టలు వేసుకోవాలా వద్దా అన్నది వచ్చినవాళ్ళ ఇష్టం. 1991 నుంచి ఇలాగే సాగుతోంది. అమెరికాలో ఉన్న తెలుగు జంటలు లాంగ్ వీకెండ్‌కు మయామి వెళ్ళినప్పుడు "ఒకసారి చూద్దామా" అనుకునే చోటు ఇదే. ఇలాంటి బీచ్‌ను మొదటిసారి చూడాలనుకునే జంటకు దీన్ని మించినది లేదని మా అభిప్రాయం. లైఫ్‌గార్డులు, టాయిలెట్లు, షవర్లు, పార్కింగ్ అన్నీ ఉన్నాయి. దేన్నీ దొంగచాటుగా చేయాల్సిన పని లేదు.

బట్టలు తీయడం ఇందులో చిన్న పని. రోజు పాడయ్యేది రెండు కారణాల వల్ల. ఒకటి, ఇద్దరూ ముందుగా మాట్లాడుకోకపోవడం. రెండు, ఎండనూ సముద్రాన్నీ తక్కువగా అంచనా వేయడం. అందుకే ఈ రెండింటికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ముందు చట్టం సంగతి

నగ్నంగా ఉండేందుకు కేటాయించిన చోట ఉత్త నగ్నత్వాన్ని ఫ్లోరిడా చట్టం నేరంగా చూడదు. హాలోవర్‌కు ఉన్న బలం అదే. "అక్కడ అందరూ అలాగే ఉంటారట" అని పేరున్న ప్రతి బీచ్‌కీ ఈ రక్షణ ఉండదు. హవాయిలోని మావీ ద్వీపంలో లిటిల్ బీచ్ ఎంత ప్రసిద్ధమైనా అది స్టేట్ పార్కులో ఉంది, స్టేట్ పార్కుల్లో నగ్నత్వం నిషిద్ధం. మెక్సికోలోని వహాకా తీరంలో ఉన్న సిపొలీతేలో 2016 నుంచి చట్టబద్ధమే, కానీ అక్కడి సముద్రం లోపలికి లాగేసే రకం, ఈత బాగా వచ్చినవాళ్ళకు కూడా ప్రమాదం. ఇక మన దేశంలో ఇలాంటి బీచ్ చట్టబద్ధంగా ఎక్కడా లేదు. బహిరంగంగా అశ్లీలంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద కేసు పెడతారు. గోవాలో ఏదో మూల ఎవరో ఉన్నారని విని ప్రయత్నించకండి.

హాలోవర్‌లోనైనా అనుమతి నగ్నత్వానికే గానీ శృంగారానికి కాదు. చెయ్యి పట్టుకోవడం, భుజం మీద తల పెట్టుకోవడం, ఒక ముద్దు ఎవరికీ అభ్యంతరం కాదు. అంతకు మించితే, గొడుగు చాటునైనా, నడుంలోతు నీళ్ళలోనైనా, పోలీసులు రావచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళు దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. తర్వాత వీసా స్టాంపింగ్‌కు డీఎస్-160 అనే దరఖాస్తు ఫారం నింపేటప్పుడు ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. కేసు కొట్టేసినా అవుననే రాయాలి.

ఇద్దరూ ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సినవి

భాగస్వామిని సర్‌ప్రైజ్‌గా అక్కడికి తీసుకెళ్ళకండి. "నా కోసం ఒక్కసారి" అని ఒత్తిడి చేయకండి. మొహమాటానికి సరే అన్నవాళ్ళు ఇసుక మీద కాలు పెట్టగానే బిగుసుకుపోతారు. అక్కణ్ణించి మొదలైన గొడవ హోటల్ గది దాకా, ఒక్కోసారి తిరుగు ఫ్లైట్ దాకా నడుస్తుంది. నిజంగా ఒప్పుకున్నారో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. "ఈ ప్లాన్ మానేసి ఆ పూట ఎవర్‌గ్లేడ్స్ వెళ్దామా?" అని అడగండి. అవతలివాళ్ళ మొహంలో ఊరట కనిపిస్తే మానేయండి.

ఈ రకం బీచ్‌ల పేరులోనే ఉంది, బట్టలు ఐచ్ఛికం. ఒకరు పూర్తిగా తీసేసి, మరొకరు స్విమ్‌సూట్‌లోనే ఉండిపోవచ్చు. ఆడవాళ్ళు పైభాగం వరకే తీయవచ్చు, అసలేమీ తీయకపోనూ వచ్చు. బట్టలతో ఉన్నందుకు ఎవరూ ఏమీ అనరు, తదేకంగా చూస్తూ కూర్చుంటే మాత్రం అంటారు.

బయల్దేరే ముందు ఈ విషయాలు నోటితో చెప్పుకోండి. మనసులో అనుకుంటే చాలదు.

ఎవరు ఎంతవరకు బట్టలు తీస్తారు. అక్కడికెళ్ళాక ఇంకా తక్కువకు మారవచ్చు, ఎక్కువకు ఎవరూ నెట్టకూడదు.

వెళ్ళిపోవాలనిపిస్తే వాడే ఒక మాట. "ఆకలేస్తోంది" లాంటిదేదైనా చాలు. ఆ మాట రాగానే కారణం అడగకుండా, చర్చ పెట్టకుండా పది నిమిషాల్లో సర్దేయాలి. ఆ హామీ ఉంటే బెరుకు సగం తగ్గుతుంది.

తర్వాత ఎవరికి చెప్పాలి. ఒకరికి ఇది స్నేహితులతో సరదాగా చెప్పుకునే సంగతి, ఇంకొకరికి ప్రాణం పోయేంత గోప్యం. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ గోప్యత కావాలో వాళ్ళ మాటే చెల్లాలి.

తెలిసినవాళ్ళు కనిపిస్తే ఏం చేయాలి. మయామికి వచ్చే తెలుగువాళ్ళు తక్కువేం కాదు. ఆఫీసులో పక్క టీమ్ అతనో, ఒకే అపార్ట్‌మెంట్ వాళ్ళో ఎదురుపడితే చిన్నగా తలూపి ఎవరి దారిన వాళ్ళు పోవాలి. పేరు పెట్టి కేకేయకూడదు, తర్వాత మూడో మనిషి దగ్గర ఎత్తకూడదు. వాళ్ళూ మీలాగే వచ్చారు.

ఒకరి శరీరం గురించి ఒకరు, పక్కవాళ్ళ గురించి ఇద్దరూ వ్యాఖ్యలు చేయకూడదు. తెలుగులో అంటే ఎవరికీ అర్థం కాదనుకోవడం పొరపాటు. ఇంతకన్నా ముఖ్యం, "ఆమెను చూడు" అన్న ఒక్క మాట చాలు, పక్కనున్న భార్య మనసులో తన ఒంటి గురించి లెక్కలు మొదలవుతాయి. భర్తలకూ అంతే.

బెరుకు బాగా ఉంటే ముందు రోజు హోటల్ గదిలో, పగటి వెలుతురులో, ఓ అరగంట బట్టలు లేకుండా మామూలు పనులు చేయండి. కాఫీ కలుపుకోవడం, బ్యాగు సర్దుకోవడం. చీకట్లో దగ్గరితనానికి అలవాటుపడ్డ జంటలకు వెలుతురులో మామూలుగా ఉండటమే కొత్త. ఆ కొత్తదనం గదిలోనే కాస్త అరిగిపోవడం మంచిది.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వాన తక్కువ, ఉక్కపోత తక్కువ. నీళ్ళు జనవరి, ఫిబ్రవరిలో 23 డిగ్రీల దగ్గర ఉంటాయి. విశాఖ సముద్రానికి అలవాటుపడ్డవాళ్ళకు మొదట చల్లగా అనిపిస్తుంది. ఆగస్టులో 29, 30 డిగ్రీలు. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాన్ల కాలం. వేసవిలో పొద్దునంతా నిర్మలంగా ఉండి మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు ఉరుములతో వాన దిగుతుంది. ఉరుము వినపడితే చాలు, మెరుపు కనిపించకపోయినా, ఒడ్డు వదిలి కారులోకి వెళ్ళాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే వెనక్కి రావాలి. బీచ్ గొడుగు కింద దాక్కోవడం అన్నిటికన్నా ప్రమాదం.

వీలైతే వారం మధ్యలో, పొద్దున తొమ్మిదికల్లా చేరుకోండి. జనం పలచగా ఉంటారు, ఎండ ఇంకా ముదరదు, నచ్చిన చోటు దొరుకుతుంది. శీతాకాలపు శని, ఆదివారాల్లో మధ్యాహ్నం కాకుండానే పార్కింగ్ నిండిపోవడం మామూలే. క్రూయిజ్ ఎక్కే రోజు మాత్రం ఈ ప్లాన్ పెట్టుకోకండి. ఇసుక, స్నానం, ట్రాఫిక్ కలిపి అనుకున్నదానికి రెట్టింపు సమయం తినేస్తాయి.

బ్యాగులో ఏముండాలి

మనిషికి రెండు టవళ్ళు, ఒకటి కూర్చోవడానికి, ఒకటి తుడుచుకోవడానికి. ఇలాంటి చోట్ల మారని నియమం ఒకటుంది: ఎక్కడ కూర్చున్నా కింద మీ టవల్ ఉండాలి. అద్దె కుర్చీ అయినా, బెంచీ అయినా. ఇది శుభ్రతకు సంబంధించింది, దీన్ని పాటించని కొత్తవాళ్ళను అక్కడివాళ్ళు ఇట్టే గుర్తుపడతారు.

చుట్టుకోవడానికి నూలు లుంగీ. బీచ్ షాపుల్లో సరోంగ్ అని అమ్మేదానికన్నా మన లుంగీ నయం. గాలి ఆడుతుంది, ఇట్టే ఆరుతుంది, మడిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. భుజాలు కాలుతున్నప్పుడు పైన కప్పుకోవచ్చు, టాయిలెట్‌కు వెళ్ళేటప్పుడు ఇద్దరిలో ఎవరైనా చుట్టుకోవచ్చు.

నీళ్ళు మనిషికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ప్లాస్టిక్ లేదా స్టీలు సీసాల్లో. గాజు సీసాలు వద్దు, పగిలితే అందరివీ ఉత్త కాళ్ళే. ఉప్పగా ఉండే చిరుతిళ్ళు, కోసిన పండ్లు. మద్యం జోలికి పోకపోవడమే మేలు. ఎండలో తాగితే ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒళ్ళు కాలుతున్న సంగతీ తెలియదు.

అంచు వెడల్పు టోపీ, చల్లద్దాలు, చెప్పులు. మధ్యాహ్నం పొడి ఇసుక మీద ఉత్త కాళ్ళతో నడవలేరు. గొడుగు తెచ్చుకుంటే ఇసుకలో కనీసం అడుగున్నర లోతుకు దిగేలా మరమేకు ఉన్నది తీసుకోండి. సముద్రపు గాలికి ఎగిరిన గొడుగు బట్టలు లేని ఒంటికి ఈటెతో సమానం. కుర్చీలు, గొడుగులు అక్కడ అద్దెకూ దొరుకుతాయి.

పాస్‌పోర్టులు హోటల్ లాకర్‌లోనే ఉంచండి. ఒక గుర్తింపు కార్డు, ఒక క్రెడిట్ కార్డు, కారు తాళం చాలు. నీళ్ళు చొరబడని చిన్న పౌచ్‌లో వేసి మెడకు తగిలించుకుంటే ఇద్దరూ కలిసి నీళ్ళలోకి దిగవచ్చు. లేకపోతే ఒకరు దిగినప్పుడల్లా ఇంకొకరు సామాన్లకు కాపలా.

నగలు తీసి రండి. చల్లటి నీళ్ళకు వేళ్ళు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి. మెరిసే గొలుసులు, పట్టీలు నీళ్ళలో చిన్న చేపల్లా తళుక్కుమని బరాకుడా లాంటి వేట చేపలను ఆకర్షిస్తాయని ఫ్లోరిడాలో ఈతగాళ్ళను హెచ్చరిస్తారు. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని వాళ్ళు బంగారు గొలుసుకు బదులు పసుపుతాడుతో రావచ్చు. పొడవుగా ఉంటే అలకు మెడ చుట్టూ తిరుగుతుంది కాబట్టి పొట్టిగా ముడేసుకోండి.

షేవింగ్, వ్యాక్సింగ్ చేయించుకోవాలనుకుంటే రెండు రోజుల ముందే ముగించండి. అదే రోజు చేస్తే ఉప్పునీళ్ళు, సన్‌స్క్రీన్ తగిలి మంట పుడుతుంది, తర్వాత కురుపులు లేస్తాయి. అసలు చేయించుకోకపోయినా ఫరవాలేదు, అక్కడ అన్ని రకాల ఒళ్ళూ ఉంటాయి. నెలసరి సమయమైతే ట్యాంపన్ లేదా కప్ సరిపోతుంది. ట్యాంపన్ దారం పొట్టిగా కత్తిరించుకోవచ్చు, అందేంత మాత్రం ఉంచండి.

సన్‌స్క్రీన్: అసలు పని ఇక్కడుంది

"మనది గోధుమరంగు, మనకేం కాదు" అనుకోవడం వల్లే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. చేతులూ మొహమూ ఏళ్ళ తరబడి ఎండ చూశాయి. పిరుదులు, రొమ్ములు, తొడల పైభాగం పుట్టాక ఎండే ఎరగవు. పైగా మన చర్మం మీద ఎర్రదనం వెంటనే కనపడదు. వేడిగా, బిగుతుగా అనిపించేసరికే కాలిపోయి ఉంటుంది. మయామిలో జూన్, జూలై మధ్యాహ్నాల్లో యూవీ ఇండెక్స్ (అతినీలలోహిత కిరణాల తీవ్రత సూచీ) 11 కూడా దాటుతుంది.

ఎస్‌పీఎఫ్ 50, నీటికి ఆగే రకం, యూవీఏ నుంచి కూడా కాపాడే బ్రాడ్ స్పెక్ట్రమ్ తీసుకోండి. "వాటర్ రెసిస్టెంట్ 80 నిమిషాలు" అని ఉన్న సీసా మీద ఆ అంకెను నమ్మండి, అంతకు మించి మాత్రం కాదు. ఒక మనిషి ఒంటికి ఒక్కసారికి 35 మిల్లీలీటర్ల దాకా పడుతుంది, అంటే ఏడు టీస్పూన్లు. ప్రతి రెండు గంటలకూ, నీళ్ళలోంచి వచ్చి తుడుచుకున్న ప్రతిసారీ మళ్ళీ రాయాలి. నాలుగు గంటలుంటే మనిషికి మూడు విడతలు, ఇద్దరికీ కలిపి 210 మిల్లీలీటర్లు. 8 ఔన్సుల సీసా ఆ ఒక్క పూటతో దాదాపు ఖాళీ కావాలి. సాయంత్రానికి సగం మిగిలిందంటే సగమే రాసుకున్నారన్నమాట.

మొదటి విడత బీచ్‌లో కాదు, హోటల్ గదిలోనే, బట్టలు వేసుకోకముందు రాయండి. ఇసుక అంటకుండా, హడావుడి లేకుండా ఒకరికొకరు పూసుకోవచ్చు. తప్పిపోయే చోట్లు ఎప్పుడూ అవే: చెవుల వెనక, మోకాళ్ళ వెనక, పాదాల పైభాగం, పిరుదులు తొడలతో కలిసే మడత, నడుము దగ్గర లోదుస్తుల ఎలాస్టిక్ కూర్చునే గీత, చనుమొనలు, పాపిట. మగవాళ్ళు మర్మాంగానికి కూడా తప్పక రాయాలి, అక్కడి చర్మం చాలా పల్చన. ఆ చోట్లకు జింక్ ఆక్సైడ్ ఉన్నది మంట పెట్టదు. తెల్లగా పూత తేలుతుంది, అది ఇష్టం లేకపోతే రంగు కలిపినది దొరుకుతుంది. ఆడవాళ్ళు బయటి చర్మానికే రాసి, లోపలి సున్నితమైన భాగాలను వదిలేయాలి.

మొదటి రోజు ఎండ చూడని భాగాలకు ఒక్కో వైపు 15, 20 నిమిషాలు చాలు. ఆపైన గొడుగు నీడ, లేదా లుంగీ.

అక్కడికి చేరాక, వరసగా

1. ఉత్తరాన ఉన్న పార్కింగ్‌లో ఆపండి. దక్షిణాన ఆపితే బరువులతో ఇసుకలో చాలా దూరం నడవాలి. పార్కింగ్ రోడ్డుకు పడమటి వైపు ఉంటుంది. కాలిన్స్ అవెన్యూ కిందుగా వేసిన నడక సొరంగాల్లోంచి బీచ్‌కు చేరాలి. కారు దగ్గర, సొరంగంలో, టాయిలెట్ల దగ్గర ఒంటి మీద బట్టలుండాల్సిందే.

2. ఇక్కణ్ణించి నగ్నంగా ఉన్నవారు కనిపించవచ్చని చెప్పే బోర్డు దాటాక ఫోన్ లోపల పెట్టేయండి. కెమెరా తీయడం అక్కడ అన్నిటికంటే పెద్ద తప్పు. సెల్ఫీ అయినా సరే, వెనక ఎవరో ఒకరు పడతారు. అంతకుముందే గదిలో రెండు పనులు చేసుకోండి: కుటుంబంతో షేర్ అయ్యే ఫోటో ఆల్బమ్ ఆటోమేటిక్ అప్‌లోడ్ ఆపడం, లైవ్ లొకేషన్ ఆపడం. ఒకరి ఫోటో ఒకరు తీసినా అది ఫోన్ నుంచి టీవీ తెర మీదకు ఏ పండగ రోజునో రావచ్చు.

3. లైఫ్‌గార్డ్ టవర్‌కు దగ్గరగా, జంటలు, పెద్దవయసు వాళ్ళు కూర్చున్న వైపు చోటు చూసుకోండి. ఇసుక దిబ్బల మీది పొదల పక్కన కూర్చోవద్దు, తొంగిచూసే బాపతు అటే తచ్చాడుతుంటారు. పక్కవాళ్ళకు మీకూ మధ్య కనీసం పదడుగులు వదలండి.

4. ముందు 20 నిమిషాలు బట్టలతోనే కూర్చోండి. నీళ్ళు తాగండి, టవర్ మీది జెండా రంగు చూడండి. చుట్టూ జనం పుస్తకాలు చదువుతూ, వాలీబాల్ ఆడుతూ, కునుకు తీస్తూ ఉంటారు. ఆ మామూలుతనం కళ్ళకు అలవాటు కావాలి.

5. తీసేటప్పుడు కూర్చునే తీయండి, ఒకేసారి తీయండి. నిలబడి కొంచెం కొంచెంగా తీస్తేనే సిగ్గు సాగుతుంది. ఇంకా బెరుకుంటే లుంగీ చుట్టుకుని నీటి అంచు దాకా వెళ్ళి, అక్కడ భాగస్వామి చేతికిచ్చి నీళ్ళలోకి దిగండి.

మగవాళ్ళ భయం ఒకటుంది, అంగస్తంభన అవుతుందేమోనని. ఎండ, గాలి, జనం మధ్య అది అరుదు. ఒకవేళ అయితే, బోర్లా పడుకోండి, టవల్ కప్పుకోండి, లేదా నీళ్ళలోకి నడవండి. రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. దాన్ని అలాగే పెట్టుకుని తిరగడం మాత్రం మర్యాద కాదు.

ఎవరైనా వచ్చి మాట కలిపితే మొహం వైపు చూస్తూ మాట్లాడండి. మాట కలపడం తప్పు కాదు, అతుక్కుపోవడం తప్పు. ఇబ్బందిగా ఉంటే "నో, థాంక్స్" అని ఒక్కసారి గట్టిగా అనండి, నవ్వకుండా. వినకపోతే లైఫ్‌గార్డ్‌కు చెప్పండి. మనవాళ్ళు మొహమాటానికి నవ్వుతారు, ఆ నవ్వును అవతలివాడు ఒప్పుకోలుగా తీసుకుంటాడు.

నీళ్ళలో

ఆకుపచ్చ జెండా ప్రశాంతం, పసుపు జాగ్రత్త, ఎరుపు ప్రమాదం, రెండు ఎర్ర జెండాలు కలిసి ఉంటే నీళ్ళలోకి దిగడమే నిషేధం. ఊదారంగు అంటే కుట్టే జీవులున్నాయని. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ ప్రవాహం దాటాక బయటికి రండి. ఈత రానివాళ్ళు నడుంలోతు దాటవద్దు. పార్కు దక్షిణపు కొసన సముద్రాన్ని లోపలి అఖాతంతో కలిపే పాయ ఉంది, దాని ప్రవాహం చాలా ఉధృతం. ఆ దరిదాపుల్లో ఈత అనే మాటే వద్దు.

శీతాకాలంలో తూర్పు గాలి వీచినప్పుడు పోర్చుగీస్ మ్యాన్-ఆఫ్-వార్ కొట్టుకొస్తాయి. నీలి ఊదా రంగు బెలూన్ బుడగలా ఉంటాయి, ఇసుక మీద చచ్చి పడున్నవీ కుడతాయి. కుడితే మంచినీళ్ళు పోయవద్దు, ఇసుకతో రుద్దవద్దు. రెండూ విషాన్ని ఇంకా వదిలిస్తాయి. నేరుగా లైఫ్‌గార్డ్ దగ్గరకు వెళ్ళండి.

వసంతం, వేసవి తొలి నెలల్లో, మే అటూ ఇటూగా, అక్కడివాళ్ళు సముద్రపు పేలు అనేవి వస్తాయి. నిజానికవి ఒక రకం జెల్లీఫిష్ పిల్లలు, కంటికి ఆనవు. స్విమ్‌సూట్ గుడ్డకూ ఒంటికీ మధ్య చిక్కుకుని, నొక్కుడు పడ్డప్పుడు కుట్టి దద్దుర్లు తెస్తాయి. కాబట్టి ఇక్కడ బట్టలు లేనివాళ్ళకే దురద తక్కువ. స్విమ్‌సూట్‌తో దిగినవాళ్ళు బయటికి రాగానే దాన్ని విప్పేసి, ఆ తర్వాతే ఒళ్ళు కడుక్కోవాలి. ఉతక్కుండా మళ్ళీ వేసుకుంటే అవే మళ్ళీ కుడతాయి.

తిరిగి వచ్చాక

ఒంటికంటిన ఇసుకను పొడిగా ఉన్నప్పుడు టాల్కమ్ పౌడర్ చల్లి దులిపితే ఇట్టే రాలిపోతుంది, తడిగా రుద్దితే చర్మం గీరుకుంటుంది. జీన్స్ కాకుండా వదులైన నూలు బట్టలు వేసుకోండి. గదికి వెళ్ళగానే మంచినీళ్ళతో స్నానం చేయండి, మడతల్లో ఇసుక, ఉప్పు మిగిలితే రాత్రికి ఒరిసిపోతుంది.

ఆ రాత్రి ఒకరి వీపు, పిరుదులు, తొడల వెనక ఒకరు చెయ్యి పెట్టి చూసుకోండి. మన రంగులో కాలిన చోటు కంటికన్నా చేతికి ముందు తెలుస్తుంది, పక్కచోటుకన్నా వేడిగా ఉంటుంది. అలా ఉంటే చల్లటి తడిగుడ్డ, కలబంద జెల్, నొప్పికి పడితే ఐబుప్రోఫెన్, బాగా నీళ్ళు. బొబ్బలు లేస్తే చిదమకండి, పెరుగు, నెయ్యి లాంటివి రాయకండి. జ్వరం, వాంతులు, తల తిరగడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా అర్జెంట్ కేర్ క్లినిక్‌కు వెళ్ళండి. కాలిన చోటు మానేదాకా, అంటే కనీసం నాలుగైదు రోజులు, దాని మీద మళ్ళీ ఎండ పడనివ్వకండి. మరుసటి రోజుకు కీ వెస్ట్ బోటు ట్రిప్ బుక్ చేసుకుని ఉంటే పొడుగు చేతుల చొక్కా వేసుకుని, డెక్ మీద నీడ ఉన్న సీట్లు చూసుకోండి.